పన్నెండు గంటలకు మూసిన పెట్టె

పన్నెండు కాగానే బ్యాలెట్ పెట్టె నోటికి కాగితం అంటించి సంతకం చేశాను. గంటలో లెక్క తేలింది. ఏడు ఓట్ల తేడాతో వెంకటరమణ గెలిచాడని ప్రకటించాను. అందరూ వెళ్లిపోయారు. ఫర్వానియాలోని ఆ హాల్లో ఒక్కణ్ణే కూర్చుని నివేదిక రాసుకుంటుంటే, రెండున్నరకు ఓడిపోయిన అభ్యర్థి సుబ్బమ్మ పదకొండు మంది ఆడవాళ్లతో ఓటు వేయడానికి వచ్చింది.

కువైట్‌లో ఒక ఇంగ్లిష్ దినపత్రికలో సీనియర్ సబ్ ఎడిటర్‌గా అది నా ఆఖరి ఏడాది. ఇక్కడి పార్లమెంటు ఎన్నికల వార్తలు చాలాకాలం దిద్దాను. ఓట్లు చీలకుండా తెగలు ముందే తమలో తాము అభ్యర్థిని తేల్చుకోవడం, దాన్ని చట్టం నిషేధించడం నాకు కొట్టినపిండి. మన తెలుగు సంఘంలోనూ అదే ఆనవాయితీ ఉందని, నన్ను ఎన్నికల అధికారిగా పిలిచాకే తెలిసింది. ఒక్కో జిల్లావాళ్లు ముందుగా తమ మనిషిని ఎంచుకుంటారు. కడప, అన్నమయ్య జిల్లాలవాళ్లు ఒకే జట్టు, సభ్యులూ వాళ్లే ఎక్కువ. ఆ జట్టు ఎంపికలో గెలిస్తే సంఘం అసలు ఎన్నిక లాంఛనమే.

ఆ ఎంపిక అంతవరకు ఒక కాంట్రాక్టరు ఫ్లాట్‌లో, ఆయన ఎదుట చేతులెత్తి జరిగేది. నేను దాన్ని హాలుకు మార్చి, రహస్య ఓటు పెట్టించాను. శుక్రవారం, పది నుంచి పన్నెండు. ఆ రోజు ఏ వర్గం ఇచ్చిన టీ తాగలేదు. నాతో ఎవరూ పెద్దగా మాట్లాడనూ లేదు.

సుబ్బమ్మ ఎగైలాలో ఒక కువైటీ ఇంట్లో వంట చేసేది. ఆమె కోరింది సంక్షేమ కార్యదర్శి పదవి. ఇంట్లో పనిచేసే ఆడమనిషికి కష్టమొస్తే కఫీల్‌తో, అంటే వీసా ఇచ్చిన యజమానితో, మాట్లాడేది ఆ కార్యదర్శే. అప్పటిదాకా అందరూ మగవాళ్లే. కొన్ని సంగతులు మగవాళ్లకు చెప్పుకోలేక ఆడవాళ్లు నోరు మూసుకునేవారు.

ఫలితం చెప్పాను. ఆమె గొంతు పెంచలేదు.

"శుక్రవారం పొద్దున మాకు సెలవని ఎవురు చెప్పినారు సార్ మీకు? మామా కొడుకులు, కోడండ్లు అందురూ వచ్చి తిని లేసినాక గదా మాకు తెల్లారేది."

మామా అంటే వాళ్ల ఇంటి యజమానురాలు. శుక్రవారం మధ్యాహ్నం కువైటీ ఇళ్లలో కుటుంబమంతా కలిసి భోంచేస్తుందని నాకు తెలియనిది కాదు. దాని మీద వ్యాసాలు కూడా దిద్దాను. వేళ పెట్టేటప్పుడు మాత్రం ఆఫీసు సెలవునే చూశాను.

వెంకటరమణకు ఫోన్ చేశాను. మళ్లీ పెట్టినా తనకు పట్టింపు లేదన్నాడు. కానీ ప్రకటించిన ఫలితాన్ని రద్దు చేసే అధికారం నాకు లేదు. అదే చెప్పాను.

"పోనీలేక్కా, బస్సెక్కి ఊరన్నా సూస్తిమి," అంది వాళ్లలో ఒకామె. ఇద్దరు ముగ్గురు నవ్వారు. సాయంత్రం మగ్రిబ్ నమాజు లోపల ఇళ్లకు చేరాలని వెంటనే వెళ్లిపోయారు. నేను నివేదిక ముగించి, లైట్లార్పి ఫహాహీల్ బస్సెక్కాను.

ఓటు ఎలా వేయాలన్నది సరిచేశాను, ఆ వేళకు ఎవరు రాగలరో కనుక్కోలేదు. ఆ రెండోది చూడకపోతే మొదటిదానికి విలువ లేదు.

జిల్లా ఎంపికలు ఎత్తేసి, సాయంత్రం దాకా అందరికీ ఒకే ఓటు పెట్టాలని తీర్మానం రాసిచ్చాను. అది ఇంకా చర్చకు రాలేదు. దాన్ని చర్చించాల్సిన సర్వసభ్య సమావేశాలు శుక్రవారం ఉదయం పది గంటలకే జరుగుతున్నాయి.