పదకొండు చుట్లు తక్కువ

పెళ్ళికి ముందు, పాప పుట్టక ముందు, మోకాళ్ళూ ఆశయాలూ రెండూ నొప్పి లేకుండా పనిచేసిన రోజులు నాకూ కొన్ని ఉండేవి. అప్పుడు కుందలహళ్ళిలో ఒక పీజీ హాస్టల్లో ఉంటూ, దగ్గర్లోని టెక్ పార్కులో కొత్తగా ఉద్యోగంలో చేరాను. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. అలాంటివాళ్ళకి ఆఫీసులో ఏ మంచి పని జరిగినా ముందు వరసలో నిలబడాలనిపిస్తుంది. (ఖాయమయ్యాక ఆ మంచితనం ఎక్కడికి పోతుందో ఇప్పటికీ చెప్పలేను.) కాళ్ళు పోగొట్టుకున్నవాళ్ళకి కృత్రిమ కాళ్ళు పెట్టించే విరాళాల కోసం మా కంపెనీ పది కిలోమీటర్ల నడక తలపెట్టింది. మా టీం లీడర్‌ని మేం చాటుగా కిలోమీటర్ సార్ అనేవాళ్ళం. ఆయన అందరినీ కూర్చోబెట్టి, నా వంక చూస్తూ, "ఊరికే నడిస్తే వాకింగ్. పర్పస్‌తో నడిస్తే అది లైఫ్. నెల టైముంది, నీ పర్పస్ ఏంటో కనుక్కో," అన్నాడు. లిఫ్టు పాడైన రోజున ఇంటి నుంచి పనిచేస్తానని మెయిల్ పెట్టే మనిషిని నేను. అయినా గట్టిగా తల ఊపాను.

రోజూ నడిచి అలవాటు చేసుకుందామంటే, మా వీధిలో ఫుట్‌పాత్ ఉన్నచోట దాని మీద బళ్ళుండేవి, బళ్ళు లేనిచోట ఫుట్‌పాతే ఉండేది కాదు. కుక్కలు, నీళ్ళ టాంకర్లు సరేసరి. చివరికి పీజీ వెనక ఉన్న చిన్న ఆంజనేయస్వామి గుడి దొరికింది. చుట్టూ చక్కగా బండలు పరిచిన నేల. నాకు దేవుడి మీద నమ్మకం లేదని కాలేజీలోనే ప్రకటించేశాను కాబట్టి, ఆ గుడిని మధ్యలో కట్టడం ఉన్న వాకింగ్ ట్రాక్‌గానే లెక్కేసుకున్నాను. నడక కోసమే కొన్న బూట్లు గేటు దగ్గర విశ్రాంతి తీసుకునేవి, నేను వట్టి కాళ్ళతో తిరిగేదాన్ని. మొదటి రోజే ఒక అవ్వ నన్ను ఆపింది.

"ఏమి పాపా, ఎడంపక్కకి తిరుగుతుండావు? పెండ్లి కావాలనా, వద్దనా?"

ఆఫీసు నడక కోసమని చెబితే మర్యాదగా ఉండదనిపించి, దిక్కు మార్చుకుని ఆమె పక్కన నడిచాను. అవ్వది కదిరి పక్క. కొడుకు మేస్త్రీ. మా ఆఫీసు కిటికీలోంచి కనిపించే కొత్త టవరు పనిలో సెంట్రింగ్ చెక్కల మీదినుంచి పడి, కాలు నుజ్జయి ఆసుపత్రిలో ఉన్నాడు. వాడి కాలు నిలబడాలని రోజుకి నూట ఎనిమిది ప్రదక్షిణలు మొక్కుకుంది. "నాకు ఇరవై దాటితే తప్పిపోతాది. చదువుకున్నదానివి, నువ్వు లెక్క పెట్టప్పా," అంది. చదువుకి ఇంత గౌరవం ఆఫీసులో ఏనాడూ దొరకలేదు. ఒప్పుకున్నాను. నాలుగు చుట్లకొకసారి "ఎన్నైనాయి పాపా?" అని అడిగేది. నేను చెప్పేదాన్ని. మధ్యలో కోడలి గురించి, ఆసుపత్రిలో పెట్టే ఉప్మా గురించి ఆమె చెప్పేది.

ఒకరోజు తొంభై ఏడో చుట్టు ముగిసేసరికి కిలోమీటర్ సార్ ఫోన్ చేశాడు, నా టీషర్టు సైజు ఏమిటని. ఆ మాటల్లో ఆఫీసు టైము గుర్తొచ్చింది. "నూట ఎనిమిది అయిపోయాయి అవ్వా," అనేసి బూట్లు తొడుక్కుని పరుగెత్తాను. మూడు రోజుల తర్వాత అవ్వ ముఖం పీక్కుపోయి వచ్చింది. "చీము పట్టిందంట. జరం దిగకుంటే కాలు తీసేయాల్నేమో అంటుండారు."

రెండు విషయాలు ఒకదాని తర్వాత ఒకటి జరిగినంత మాత్రాన మొదటిది రెండోదానికి కారణం కాదని పరీక్షలో రెండు పేజీలు రాసి మంచి మార్కులు తెచ్చుకున్నదాన్ని. ఆ చదువంతా ఆ గుడి గేటు దాకానే పనికొచ్చింది. దేవుడు లేడు సరే, ఆ పదకొండు చుట్లు మాత్రం ఎక్కడో ఉన్నాయి, నా పేరు మీద ఉన్నాయి. నా భక్తి అలా భయంతో మొదలైంది. (చాలామందిది అలాగే మొదలవుతుందట, ఒప్పుకోరు.)

నడక ఆదివారం ఆరింటికి. నేను ఐదింటికే కంపెనీ టీషర్టు వేసుకుని, ఛాతీ మీద నంబరు చీటీ పిన్ను పెట్టుకుని గుడికి పోయాను. పదకొండు చుట్లు తిరిగేసి పోదామని. ఏడో చుట్టులో అది ఏడా, ఎనిమిదా అని అనుమానం వచ్చి మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాను. అలా నాలుగుసార్లు. తెల్లవారింది, ఆరు దాటింది, అవ్వ వచ్చింది.

"ఒంటిమీద ఆ అంకె ఏంది పాపా, ఆసుపత్రి చీటీ మాదిరి?"

ఇక దాచలేక అంతా చెప్పేశాను. ఫోను, పదకొండు చుట్లు, అబద్ధం. తిడుతుందని నిలబడ్డాను. అవ్వ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నాకు తెలుసులేప్పా. ఆ పొద్దు పూజారి గంట కొట్టకనే ముగించినావు. దినామూ గంట కొట్టినాకనే కదా నూటెనిమిది అయ్యేది? నువ్వు పోయినాక తోచినన్ని తిరిగినా."

"మరి రోజూ నన్నెందుకు అడిగేదానివి అవ్వా?"

"ఒక్కదాన్నే తిరుగుతుంటే కండ్ల ముందర వాని కాలే కనిపిస్తాది. అడిగితే నువ్వు పలుకుతావు. అంతే."

"మరి జ్వరం?"

"రాత్రే దిగిందంట. కోడలు చెప్పె. ఈ చుట్లు అయినాక పోయి చూస్తా."

అంటే నేను చుట్లు పూర్తి చేయక ముందే. దేవుడు నా కోసం ఆగలేదు. ప్రాణం కుదుటపడింది, దాంతోపాటు కాస్త కోపం కూడా వచ్చింది. అంత కష్టపడి నమ్మితే, నా అవసరమే లేకపోయింది. ఆ పూట మాత్రం పూజారి గంట కొట్టేదాకా అవ్వతో తిరిగాను, లెక్కపెట్టకుండా, ఉప్మా గురించి మాట్లాడుకుంటూ. కంపెనీ నడక జరిగే చోటికి చేరేసరికి బ్యానర్లు చుట్టేస్తున్నారు. కిలోమీటర్ సార్ నన్ను చూసి, "లేటైతే అయ్యావులే, ఫోటోకి అందావు కదా, రా," అన్నాడు. మెడలో పతకం వేసుకుని ముందు వరసలో నిలబడ్డాను. రెండు నెలలకి ఉద్యోగం ఖాయమైంది. అవ్వ కొడుకు కాలు నిలిచింది, కొంచెం కుంటుతాడు. ఆనేకల్‌లో ఒక గోడౌన్‌కి కాపలా పని దొరికిందని వాళ్ళు అటు వెళ్ళిపోయారు.

ఒక మనిషి కాలు తన లెక్క మీద నిలబడి ఉందనుకున్న ఆ ఇరవై రెండేళ్ళ పిల్లని తలుచుకుంటే నవ్వొస్తుంది. ఎంత గొప్ప చేసుకుంది తనని తాను, పాపం. ఇప్పుడు మా పాపకి కాస్త ఒళ్ళు వెచ్చబడితే చాలు, పొద్దున ఏ పని సగంలో వదిలేశానా అని ఇల్లంతా వెతుకుతాను. అత్తగారు చూసి, "డాక్టరు వైరల్ అన్నాడు కదే, నువ్వేం చేశావని," అంటుంది. నిజమే. ఆ పిల్ల మీద ఇంకాసేపు నవ్వుకుని, లేచి వెళ్ళి పాప నుదురు మరోసారి తాకి వస్తాను.