పలకని గాంధారం

సామ్యూల్ మాస్టారి పాట లేకుండా బొల్లారం చర్చిలో క్రిస్మస్ నాటకం గడవదు. గొర్రెల కాపరులు నక్షత్రాన్ని చూసి పాడే పాట అది. పెళ్లి బ్యాండువాళ్లు దాన్ని ఎత్తుకున్నారు, బడిపిల్లలు ఎత్తుకున్నారు. బోయిగూడలో కుక్కర్లు సైతం అదే వరసలో ఈల వేస్తాయని మాస్టారి ఉవాచ. అందులో సగం కోసేసినా, మిగతా సగం నిజమే. యాభై ఏళ్లలో నలభై సంగీత నాటకాలకు బాణీలు కట్టిన మనిషి ఆయన.

ఈ ఏడు ఆయనకు సన్మానం. రిహార్సల్ రోజు అచ్చుకు వెళ్లబోయే కార్డు చూపించారు. ఆ పాట పక్కన 'సంప్రదాయ బాణీ' అని ఉంది. శాలువా ఆయనకు, పాట గాలికి. మాస్టారికి ఒళ్లు మండింది. పాటబృందాన్ని నడిపే క్యారల్‌ను పట్టుకుని నిలదీశారు.

"మా అమ్మమ్మ సుత ఇదే పాడేది మాస్టారూ. పాతదే అనుకున్నం."

"మీ అమ్మమ్మకు నేర్పిన పాపం నాదే తల్లీ."

పాట కట్టిన ఏడు ఎలుకొకటి హార్మోనియంలో దూరి నడిమి గాంధారం ఇత్తడి రీడు కొరికేసిందని, ఆ మెట్టు నొక్కితే గాలే తప్ప స్వరం రాలేదని, అందుకే గాంధారం తగలకుండా పాట కట్టానని చెప్పారు. సాక్ష్యంగా ఉంటుందని ఆ మెట్టు ఇప్పటికీ బాగు చేయించలేదట. ఆ ఎలుక తర్వాత శ్రుతిలో కీచుమనేదని చెప్పకుండా ఉంటే బాగుండేది. క్యారల్ నవ్వేసింది. ఎలుక ఇత్తడిని కొరుకుతుందా అంది.

మాస్టారు తన హార్మోనియం తెప్పించారు. అది వారం రోజులుగా సన్మాన కమిటీవాళ్ల దగ్గరే ఉంది. మూత తీసి గాంధారం నొక్కారు. అది ఖంగుమంది. సన్మానం కానుకగా కమిటీవాళ్లు చెప్పకుండా లోపలి రీడు మార్పించారట. ఇన్నేళ్లూ మూగగా ఉన్న ఒకే ఒక్క సాక్షి, అందరి ముందూ నోరు తెరిచి ఆయన మీదే సాక్ష్యం చెప్పింది.

ఉక్రోషంతో హార్మోనియం మీద పాట అందుకున్నారు. వెంట పాడుతున్న క్యారల్ మధ్యలో ఆగి, మెట్ల మీదికి వంగి చూసింది. చుట్టుపక్కల మెట్లన్నీ వేళ్ల రాపిడికి అరిగి గుంటలు పడ్డాయి. నడిమి గాంధారం మెట్టు మాత్రం, పాతదే అయినా, అరగక కొత్తగా కొన్నట్టుంది. వీధిలో గుంత ఎరిగిన సైకిలువాడిలా, మాస్టారి వేలు ఇప్పటికీ దాన్ని దాటి వెళ్తోంది.

క్యారల్ కార్డు మీద 'సంప్రదాయ బాణీ' కొట్టేసి, 'సామ్యూల్ మాస్టారు' అని రాసింది.

"ఇప్పుడు గాంధారం పలుకుతోంది కద మాస్టారూ. అక్కడ జెర కలిపితే పాట ఇంకా మంచిగుంటది."

"పేరు రాసిన సిరా ఆరలేదు, అప్పుడే దిద్దడం షురూనా!"

మాస్టారు హార్మోనియం మూత వేసి, ఎక్కడైనా మంచి పళ్లున్న ఎలుక దొరుకుతుందేమో చూడమన్నారు.