సిపాయి కోసం కొట్టిన కొబ్బరికాయ

ఆ సోమవారం ఉదయం ఎనిమిదీ పన్నెండుకి రేపల్లె పాసింజరు తెనాలి నుంచి కదిలింది. మావారు గొంతు సవరించుకున్నారు. ఎదుటి సీట్లో బ్యాంకు ఉద్యోగి ఇయర్‌ఫోన్లు తీసి జేబులో వేసుకున్నాడు. పక్కన, తెనాలిలో చేపలు అమ్మేసి ఖాళీ తట్టతో ఇంటికి వెళ్తున్న పెద్దావిడ “ఆగండి మాస్టారూ” అంటూ మా అందరి చేతుల్లో కొబ్బరి ముక్కలు పెట్టింది.

“మన సిపాయి బాబు ఒడ్డెక్కితే కాయ కొడతానని మొక్కుకున్నానండి. నిన్న కొట్టేశా.”

“ఇక వాడికి ఆధార్ కార్డు కూడా ఇప్పించండి మాస్టారూ!” అన్నాడు బ్యాంకు ఉద్యోగి.

మేమిద్దరం రేపల్లెలో పాఠాలు చెప్పేవాళ్ళం. ఆయనది చరిత్ర, నాది లెక్కలు. కాలేజీలో ఎవరూ వినరని ఆయన రైల్లో కథలు చెప్పేవారు. ఆ నెల కథ అయిదు వందల ఏళ్ళ కిందట అజ్టెక్కుల రాజ్యం మీదికి వెళ్ళిన ఒక మామూలు స్పెయిన్ సిపాయిది. వాడి ఆకలి, వాడి కాలి పుండు, వాడి జ్వరం అన్నీ చెప్పేవారు. నా జ్వరం గురించి ఆయన ఎన్నడూ అంత వివరంగా అడిగి ఎరగరు. శనివారం నాడు ఆ సిపాయి, బంగారం బరువుకి మునిగిపోతున్న తోటివాళ్ళను దాటుకుని, సరస్సు మధ్య నగరం నుంచి తప్పించుకున్నాడు.

మావారు మురిసిపోతూ ముక్క నోట్లో వేసుకున్నారు. అప్పుడడిగింది పెద్దావిడ.

“ఇంతకీ వాళ్ళూరికి ఈ బాబు ఏం పని మీద ఎళ్ళాడండి?”

ఆయన నమలడం ఆపేశారు.

“దోచుకోవడానికమ్మా. వాళ్ళు దండలేసి పిలిచి మేడలో దింపారు. వీళ్ళు ఆ రాజునే బందీ చేశారు.”

“ముందే చెప్పరేంటి మాస్టారూ! నా చేత ఎవరికి మొక్కించారు?”

రేపల్లె దాకా ఆయన మాట్లాడలేదు. పాతికేళ్ళ కాపురంలో అంత నిశ్శబ్దం నాకెప్పుడూ దొరకలేదు. మర్నాడు కథ మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నారు, ఈసారి ఆ నగరంవాళ్ళ వైపు నుంచి. ఆవిడ దగ్గర తన తప్పు దిద్దుకోవాలన్నదే ఆయన పట్టుదల. బాపట్లలో మా పుట్టింటికి వెళ్ళినా పుస్తకంలోంచి తల ఎత్తలేదు. అల్లుడు అలిగాడనుకుని మా అమ్మ రెండోసారి గారెలు వేసింది. అవి కూడా చూడకుండానే తిన్నారు.

సిపాయిలు తిరిగి వచ్చి నగరానికి మంచినీళ్ళు ఆపేసిన చోటికి కథ చేరింది. ఆ వారంలోనే ఆయన గుండె ఆగిపోయింది.

నెల దాటాక నేనొక్కదాన్నే బండి ఎక్కాను. పెద్దావిడ జరిగి చోటిచ్చింది. రెండు స్టేషన్లు దాటాక నెమ్మదిగా అడిగింది.

“వాళ్ళకి నీళ్ళు దొరికినయ్యా అమ్మా?”

“లేదండి” అన్నాను. మిగతాది నాకు చేతనైనట్టు చెప్పాను. మశూచి అప్పటికే చాలామందిని తీసుకుపోయింది. తినడానికి లేకపోయింది. చివరికి ఇళ్ళు కూల్చేశారు. సిపాయి తన వంతు బంగారం చాల్లేదని అలిగాడు. ఆ మాట కూడా దాచలేదు.

“మాస్టారైతే ఇంకా బాగా చెప్పేవారు” అందావిడ.

“అవునండి” అన్నాను.

ఇప్పుడు ఆ పెట్టెలో ఎవరూ కథ చెప్పడం లేదు.