కాలవ వైపు లాగే కారు

పెళ్లయిన పదిహేనేళ్లకు నేనొక పాత కారు కొన్నాను. నా చేతికి వచ్చేటప్పటికే దానికి కొన్ని సొంత అభిప్రాయాలున్నాయి. స్టీరింగు కాస్త వదులుగా పట్టుకుంటే చాలు, ఎడమకే పోయేది. మా ఊరి రోడ్డంటే కాలవ గట్టే. బజారుకు వెళ్లేటప్పుడు ఎడమంటే కాలవే. గోదావరికి ఆనకట్ట కట్టి ఇన్ని కాలవలు తవ్వించింది తన స్నానానికేనన్నట్టు ఉండేది దాని వరస.

"రేపు నిడదవోలులో మా అక్క గృహప్రవేశానికి నేను బస్సులో వస్తానండి. మీరు కార్లో రండి. నాకు ఈత రాదు," అంది మా ఆవిడ.

నాకు ప్రాణం ఉసూరుమంది. ఆవిణ్ణి పక్క సీట్లో కూర్చోబెట్టుకుని, అత్తవారి బలగమంతా చూస్తుండగా పందిరి ముందు దిగాలనే గదా ఆ కారు కొన్నది! నేను కార్లోంచీ, ఆవిడ బస్సులోంచీ దిగితే చూసేవాళ్లు ఏమనుకుంటారు?

పక్కింటి రైతు బాబాయితో మొర పెట్టుకున్నాను. ఆయన ఇంట్లోంచి ఊడ్పుల తాడు తెచ్చాడు. నాటేటప్పుడు వరస వంకర పోకుండా చేలో లాగి కట్టే తాడది. ఆయన తాడు పట్టిన చేలో వరి మొక్క పక్కకి తొంగి చూడ్డానిక్కూడా జంకేది.

"వెనక చక్రానికి ముందు చక్రం తిన్నగా ఉండాలబ్బాయ్, అంతే. వరికైనా కారుకైనా వరసే గదా! ముందా స్టీరింగు కదలకుండా కట్టెయ్."

గేదెను రాటకు కట్టినట్టు, స్టీరింగును తువ్వాలుతో సీటుకు బిగించాను. రెండు పీటల మధ్య, చక్రాల నడిమెత్తున తాడు లాగాం. ముందు చక్రం రెండు అంచుల నుంచీ తాడుకు కొలత ఒకటే రావాలి. రాలేదు. కారు కిందికి దూరి, చక్రాన్ని స్టీరింగుకు కలిపే టై రాడ్ నట్టు వదులు చేశాను. బాబాయి తాడు దగ్గర గొంతుక్కూర్చుని, "ఇంకో పిసరు... ఆఁ, ఎక్కువైంది!" అంటుంటే నేను నట్టు తిప్పుతూ, వీపుతో పెరడంతా దున్నేశాను. రెండో చక్రానికీ అంతే. సాయంత్రానికి నాలుగు చక్రాలూ బాబాయి చేలో వరసల్లా నిలబడ్డాయి.

గట్టు మీదికి తీశాను. కారు గీత గీసినట్టు పోయింది! మురిసిపోయి మా ఆవిణ్ణి ఎక్కించుకున్నాను. వంద గజాలు వెళ్లామో లేదో, "బాబోయ్, కాలవ వైపు తిప్పేస్తున్నారు!" అని కేక పెట్టింది.

చూద్దును గదా, కారు తిన్నగా పోతోంది, స్టీరింగు మాత్రం ఎడమకు వాలిపోయి ఉంది. పెరట్లో గొడ్ల చావడి పక్కన ఎడమకు మలిపి ఆపినప్పుడు అది ఎలా ఉందో, చూసుకోకుండా అలాగే కట్టేశానన్నమాట.

"రోడ్డు చూస్తే బాగానే ఉందండి. మీ చేతులు చూస్తేనే గుండె జారిపోతోంది," అంది. చివరికి వెనక సీట్లో, నా వీపు తప్ప ఏమీ కనపడని మూల చూసుకుని కూర్చుని వస్తానని ఒప్పుకుంది.

మర్నాడు పందిరి ముందు ఆగాం. జనం చూశారు. మా ఆవిడ పట్టుచీర సవరించుకుంటూ వెనక తలుపులోంచి దర్జాగా దిగింది. నన్నెన్నడూ చూడని, వాళ్ల బావగారి తరఫు పెద్దాయనొకడు ఎదురొచ్చి, "రామ్మా, రా! ఆ డ్రైవర్ని కూడా టిఫిన్‌కి రమ్మను తల్లీ, ఎప్పుడనగా బయల్దేరాడో!" అన్నాడు.

మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు ఆకలిగానే ఉంది. వెళ్లి కూర్చున్నాను.