మా లేఅవుట్‌లో రోడ్డు పక్క గడ్డి

మదనపల్లె దాటి కురబలకోట వైపు పోతే రోడ్డు పక్కన పెద్ద ఆర్చీ ఒకటి కనిపిస్తుంది. అదే మా లేఅవుట్. ఆర్చీని చూసి లోపల ఏదో ఊరుందనుకుంటే పొరపాటు. ఇళ్లు పది కూడా ఉండవు. మిగతావన్నీ రాళ్లు పాతిన ప్లాట్లు. వాటి ఓనర్లు బెంగళూరులో ఉంటారు. ఎప్పుడో ఒకసారి కారులో వచ్చి, తమ రాళ్లు తమ చోటనే ఉన్నాయని చూసుకుని పోతారు. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా రిటైరయ్యాక నేనూ మా ఆయనా ఇక్కడ ఇల్లు కట్టుకున్నాం. ఇప్పుడు ఆయన లేరు. పిల్లలు మాకు కలగలేదు. అంతకాలం వార్డుల్లో మనుషుల గోల మధ్య బతికినదాన్ని, ఇక్కడ కుక్కర్ కూత వేసినా ఉలిక్కిపడుతున్నాను.

మా రోడ్లు పంచాయతీవి కావు, మునిసిపాలిటీవీ కావు. మావే. గుంత పడితే మేమే పూడ్చుకోవాలి, అంచుల్లో గడ్డి పెరిగితే మేమే తీయించుకోవాలి. గడ్డి సంగతి మాత్రం చాలా కాలం ఎవరూ పట్టించుకోలేదు. ఆ పని గొర్రెలు చేసేవి. పక్క పల్లె నుంచి ఒకావిడ పొద్దున్నే మందను తోలుకుని ఆర్చీ కిందుగా లోపలికి వచ్చేది. నాకంటే కొంచెం చిన్నదేమో. గొర్రెలు రోడ్డుకు రెండు వైపులా నున్నగా మేసుకుంటూ పోయేవి. ఆమె మా గేటు దగ్గర ఆగి మంచినీళ్లు తాగేది. మా మాటల్లో గొప్ప విశేషాలేమీ ఉండేవి కావు. ఏ గొర్రె ఈనింది, టమోటా ధర ఎట్లుంది, నిన్న రాత్రి ఏం వండుకున్నాం. ఆమె వెళ్లాక మళ్లీ మరుసటి పొద్దు దాకా నా గొంతు నాకే వినపడేది కాదు.

పోయిన ఏడాది మా లేఅవుట్ అసోసియేషన్‌కు కొత్త సెక్రెటరీ వచ్చాడు. ఆదివారం చర్చి నుంచి నేరుగా మీటింగుకు వెళ్లాను.

"రోడ్డంతా పెంటికలే మేడమ్. బెంగళూరు వాళ్లు వస్తే ఏమనుకుంటారు?" అన్నాడు.

"ఆ పెంటికల కోసమే రైతులు కాపరులను బతిమాలి మందను చేలో పడుకోబెట్టుకుంటారు. మనకు అడక్కుండానే వస్తుంటే వద్దంటారా?" అన్నాను.

అందరూ నవ్వారు. నవ్వి, మందను లోపలికి రానివ్వకూడదనీ, గడ్డికి మందు కొట్టించాలనీ తీర్మానించారు. ఆ వెంటనే ఆర్చీ దగ్గర పూలమొక్కలకు గొర్రె ఎరువు మూటలు తెప్పించాలని కూడా తీర్మానించారు. దానికి మాత్రం ఒక్కరికీ నవ్వు రాలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

మందు కొట్టే రోజు ఆ సంగతి కాపరికి చెప్పాలన్న ఆలోచన ఒక్కరికీ లేదు. పొద్దున్నే నేనే పోయి ఆర్చీ కింద నిలబడ్డాను.

"లోపలికి రావద్దమ్మా. గడ్డికి మందు కొడతాండారు. తింటే గొర్రెలు సచ్చిపోతాయి."

"రేపు రావచ్చునా?"

"రేపూ వద్దు. ఇంక ఎప్పుడూ వద్దంటాండారు."

ఆమె చేతికర్ర అడ్డం పెట్టి ముందున్న గొర్రెను ఆపింది. "నువ్వు చెప్తాండావు గదమ్మా, అట్లే కానీ" అని మందను మళ్లించింది. నాకున్న ఒక్క మనిషిని నా నోటితోనే పంపించేశాను. ఇంటికొచ్చి ఏడ్చాను.

గడ్డి పసుపుపచ్చబడి చచ్చింది. తర్వాత వానలకు అంచుల్లో మట్టి కొట్టుకుపోయి, నీళ్ల ట్యాంకరు చక్రం దిగబడింది. సెక్రెటరీ కంకర జల్లి పోయించాడు. మా గేటు ముందు మాత్రం మందు పడనివ్వకుండా, కొట్టిన రోజే నేను అడ్డం నిలబడ్డాను. ఆ ముక్క పచ్చగా ఏపుగా పెరిగింది. సెక్రెటరీ దాని ఫోటో వాట్సాప్ గ్రూపులో పెట్టి, అందరూ శుభ్రత పాటించాలని రాశాడు.

మొన్న ఒక పొద్దున కొడవలి పట్టుకుని ఆ గడ్డంతా కోశాను. పాత చీరలో మూట కట్టి నెత్తిన పెట్టుకుని, మెయిన్ రోడ్డు దాటి, ఇప్పుడు ఆమె మేపుకుంటున్న బీడుకు పోయాను. వేపచెట్టు కింద కూర్చుని ఉన్నదల్లా నన్ను చూసి లేచి వచ్చింది.

"ఇదేందమ్మా, ఈడ గడ్డికేమన్నా కరువుండాదా? బీడంతా పచ్చగా ఉండాది. ఈ ఎండలో యాల మోసుకొస్తివి?"

నిజమే. గొర్రెల కడుపులు మునిగేంత గడ్డి ఉంది అక్కడ. అది నాకు తెలియక కాదు. చేతులూపుకుంటూ వస్తే ఎందుకొచ్చావని అడుగుతుందేమోనని, చెప్పుకోవడానికి ఒక పని మోసుకొచ్చాను.

"మాట్లాడేదానికి వచ్చినానమ్మా," అన్నాను. "ఇంట్లో ఒంటిగా ఉండలేకపోతాండాను."

ఆమె నా నెత్తి మీంచి మూట దించుకుంది. గొర్రెలకు వేయలేదు. గడ్డిని వేపచెట్టు కింద మందంగా పరిచి, దాని మీద నన్ను కూర్చోమంది.