బదిలీ ‘బిదీల’ అయిన రోజు

2004లో మణుగూరు బస్టాండు ఎదుటి జాబ్ టైపింగ్ దుకాణానికి నేను రాసిన తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మాను. మాది ఖమ్మంలో కిరాణా దుకాణం. బేరమాడటం నాకు నడక కంటే ముందే వచ్చింది. తర్వాత నేర్చుకున్న ప్రోగ్రామింగ్ అంత బాగా రాలేదని ఆ దుకాణంలోనే తెలిసింది.

వారం తిరక్కుండా యజమాని వెంకన్న పిలిపించాడు. తెర మీద ఒక గని కార్మికుడి బదిలీ దరఖాస్తు ఉంది. ‘బదిలీ’ ఉండాల్సిన చోటల్లా ‘బిదీల’, ‘పని’ ఉండాల్సిన చోట ‘పిన’.

“గిదేంది తమ్మీ, నీ సాఫ్ట్‌వేర్‌కు తెలుగు రాదా?”

“సాఫ్ట్‌వేర్ మంచిదే అన్నా, వేళ్ళకే అలవాటు కావాలె” అన్నాను. సరుకులో లోపం ఒప్పుకోవడం మా ఇంటా వంటా లేదు.

ఆ వేళ్ళు షాహీన్ ఆపావి, అంటే షాహీన్ అక్కవి. ఆ దుకాణంలో ఏళ్ళుగా టైప్‌మిషన్ మీద దరఖాస్తులు కొట్టిన మనిషి. కంప్యూటర్ మీద కుదరకపోతే సోమవారం నుంచి ఖమ్మం ఆపరేటర్ వస్తాడని వెంకన్న ఆమెకు చెప్పేశాడు. నేను వెళ్ళింది శుక్రవారం.

“ఆపా, ముందు అక్షరం కొట్టి తర్వాత గుడి కొట్టాలె. పది రోజులల్ల అలవాటైతది.”

“సోమవారమే ఇంకొకడు వస్తుండు భయ్యా. పది రోజులు మీ కిరాణంల దొరుకుతయా?”

మా నాన్న గిరాకీ మొహం చూసేవాడు కాదు, చెయ్యి ఏ డబ్బా వైపు పోతుందో చూసేవాడు. అది గుర్తొచ్చి, మూలనున్న పాత మిషన్ మీద ‘బదిలీ’ అని కొట్టమన్నాను. ఆమె ‘బ’ కొట్టి గుడి మీట నొక్కింది. కాగితం కదల్లేదు. దాని మీదే ‘ద’ కొట్టింది. అప్పుడు కాగితం పక్కకు జరిగింది. అలా కాగితాన్ని కదిలించని మీటను డెడ్ కీ అంటారు. మిషన్ మీద గుడి ముందు, అక్షరం తర్వాత. నా సాఫ్ట్‌వేర్ మాత్రం కీ ఈవెంట్, అంటే ఫలానా మీట నొక్కారన్న కబురు, అందీ అందగానే గుడిని వెనకున్న అక్షరానికి అంటించేస్తోంది.

ఇంటికొచ్చి కోడ్ మార్చాను. గుడి కబురు వస్తే పట్టి ఉంచాలి, తర్వాతి అక్షరం రాగానే దానికి తగిలించాలి. చెప్పినంత తేలిక కాలేదు. గుడి ఇంకా చేతిలో ఉండగా బ్యాక్‌స్పేస్ నొక్కితే, అది పోకుండా వెనకున్న మంచి అక్షరం ఎగిరిపోయింది. అదీ సరిచేసుకుని ఆదివారం మళ్ళీ మణుగూరు బస్సెక్కాను.

ఆపా చిత్తు ప్రతి మీంచి చూపు తిప్పకుండా టకటకా కొట్టింది. బదిలీ బదిలీగానే పడింది. వెంకన్న దరఖాస్తంతా చదివి, ఖమ్మానికి ఫోన్ కలిపాడు. “రేపు రాకు బిడ్డా. మా ఆపా ఉన్నది.”

“మిషన్ మీద గుడి ముందు కొడతవని మొదలే చెప్పొద్దా ఆపా?” అన్నాను.

“నువ్వడిగినవా? వచ్చినకాడికెంచి తెర దిక్కే చూస్తివి. దా, చాయ్ తాగు.”

తర్వాత ఆ పద్ధతిని అన్ని కాపీల్లోనూ పెట్టాను. చిన్న ఊళ్ళలో మిషన్ మీద నేర్చుకున్న టైపిస్టులు దాని కోసమే కొన్నారు. నా ఇల్లు గడిచింది. ఈనాటికీ ఎక్కడ ఇన్‌స్టాల్ చేసినా, కొట్టే మనిషి చేతులు కనబడేట్టు కుర్చీ పక్కకు వేసుకుంటాను.

ఆ చాయ్ ఆపానే తెప్పించింది. నేను బేరమాడకుండా పుచ్చుకున్నది అదొక్కటే.