ఫ్లెక్సీ కింద కంటి డాక్టర్లు

జేబులూ ఖాళీగా, కాళ్ళూ ఖాళీగా ఉండే వయసు ఒకటి ఉంటుంది మనిషికి. నాకు ఆ వయసు ఉన్నప్పుడు చేతిలో డబ్బు తప్ప అన్నీ పుష్కలంగా ఉండేవి. టైము ఉండేది, ఆకలి ఉండేది, అడగకుండానే సలహాలిచ్చే చుట్టాలుండేవారు, వీటన్నిటినీ మించి సెల్‌ఫోన్లో వీడియోలు ఉండేవి. నేనప్పుడు జగిత్యాలలో ఒక సెల్‌ఫోన్ల దుకాణంలో పనిచేసేవాణ్ణి. (పేరుకు టెక్నీషియన్ని. చేసేది మాత్రం స్క్రీన్ గార్డులు అతికించడం. అందులోనూ బుడగలు వచ్చేవి.) మా మేనమామ కొడుకు, అంటే మా బావ, కోరుట్లలో వాళ్ళ నాన్న టెంట్ హౌసులో కుర్చీలు లెక్కబెట్టేవాడు. ఇద్దరం కలిస్తే ఒకటే పని, మంచుకొండల్లో వీపున సంచి వేసుకుని తిరిగే కుర్రాళ్ళ వీడియోలు చూడటం. "బావా, మనం గూడ పోవాలె" అనేవాడు వాడు. "పోవాలె బావా" అనేవాణ్ణి నేను. రైలు టిక్కెట్టు ధర చూసి మళ్ళీ వీడియో పెట్టుకునేవాళ్ళం.

చివరికి బావకే బుర్ర వెలిగింది. "మనకు గుట్టలు లెవ్వా, నీళ్ళు లెవ్వా? కొడిమ్యాల గుట్టలెక్కుదం, ఆన్నుంచి గంభీరావుపేట దిక్కు మానేరు ఒడ్డుకు పోదం. మూడు దినాలు. ఏ చుట్టం ఇంట్ల అడుగు పెట్టద్దు, లాడ్జి వద్దు, హోటలు వద్దు" అన్నాడు. నేను ఆ మాట అక్కడితో ఆపకుండా దుకాణంలో అందరికీ చెప్పాను, ఫొటోలు పెడతానని పందెం కూడా కాశాను. మా అమ్మ విని, "ఉట్టికెగరలేనమ్మ సొర్గానికెగిరిందట" అని ఒక్క మాట అని, సంచిలో అటుకుల చుడువ కుక్కింది. పడుకోవడానికి రెండు సిరిసిల్ల చద్దర్లు తీసుకున్నాం. గుడారం కావాలి కదా, దానికి బావ టెంట్ హౌసు వెనక పడి ఉన్న పాత ఫ్లెక్సీ ఒకటి చుట్టి తెచ్చాడు. మా దగ్గర ఫ్లెక్సీని ఎవరూ పారేయరు. గడ్డివాము మీద కప్పుతారు, వడ్లు ఆరబోస్తారు, కారే ఇంటి కప్పు మీద పరుస్తారు. ఏ నాయకుడి పుట్టినరోజైనా చివరికి ఎవరి బర్రెల కొట్టం మీదో తేలుతుంది. కాబట్టి దాని మీద ఏం రాసి ఉందో విప్పి చూడాలన్న ఆలోచన మా ఇద్దరికీ రాలేదు.

మొదటి రోజు కొడిమ్యాల గుట్ట ఎక్కుతుంటే మేకలు కాసే ఒక పెద్దమనిషి ఎదురయ్యాడు. మా సంచులూ, చేతికర్రలూ, బావ మెడలో వేలాడే ప్లాస్టిక్ దుర్భిణి (జాతరలో కొన్నది) అన్నీ ఎగాదిగా చూసి, "ఏం తప్పిపోయింది?" అన్నాడు. పని లేకుండా గుట్ట ఎక్కేవాళ్ళను ఆయన జన్మలో చూడలేదు. సరదాగా తిరుగుతున్నామని చెప్పడానికి నాకు సిగ్గేసింది. "బర్రె" అన్నాను. అంతే, ఆ మహానుభావుడు మేకల్ని మనవడికి అప్పజెప్పి మాతో బయలుదేరాడు. "ఏ రంగు? కొమ్ములెట్ల ఉంటయి? ఈనిందా?" అని అడుగుతూ ప్రతి పొదా వెతికించాడు. దిగేటప్పుడు, "రంది పడకుండ్రి, దొరికితే నేను కట్టేసి ఉంచుత" అని బావ ఫోన్ నంబరు రాసుకున్నాడు. ఆ రోజు మేము ఒక్క ఫొటో తీసుకోలేదు. ఎవరేమనుకుంటే దానికి తలూపడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. దాని అసలు ఖర్చు మూడో రోజున తెలిసొచ్చింది.

రెండో రోజు రెండు బస్సులు మారి సిరిసిల్ల చేరి, అక్కణ్ణుంచి గంభీరావుపేట వైపు నడిచీ, ట్రాక్టర్లు ఆపీ, పొద్దుగూకేసరికి మానేరు నీళ్ళ ఒడ్డుకు చేరాం. చుడువ అప్పటికే అయిపోయింది. అలసటతో చేతులు ఆడటం లేదు. రెండు తాటిచెట్ల మధ్య తాడు కట్టి ఫ్లెక్సీని దాని మీద వేశాం. "రంగు దిక్కు బయటికేయి బావా, లోపలికేస్తే మన మొఖాలకు అంటుకుంటది" అన్నాడు బావ. అడుగు భాగాన్ని మడిచి రాళ్ళు పెట్టాం. వేడివేడి టీ నీళ్ళతో కడుపు నింపుకుని పడుకున్నాం.

తెల్లారి లేచేసరికి గుడారం ముందు ఒక ఆడమనిషి జొన్న రొట్టెల దొంతర, గిన్నెనిండా పచ్చిపులుసు పెట్టి నిలబడి ఉంది. "తినుండ్రి సార్, దూరంకెల్లి అచ్చిండ్రు" అంది. పల్లెటూళ్ళలో ఇంకా మర్యాద బతికే ఉందని బావ కళ్ళు చెమర్చాయి. రొట్టె విరిగి నేతిలో పడ్డట్టయిందని నేనూ కూర్చున్నాను. చెరో నాలుగు తిన్నాం. అయిదోది విరుస్తుండగా నడుముకు మోకు కట్టుకుని, కల్లు లొట్టి చేత్తో పట్టుకుని ఒక గీత పనివాడు వచ్చి, "అయ్యిందా సార్? మొదలుపెడుదమా? జనం ఆగుతలేరు" అన్నాడు. తల ఎత్తి చూశాను. కట్ట మీద ముప్పై మంది ముసలీముతకా బారుగా కూర్చుని ఉన్నారు. ఒకామె అప్పుడే కళ్ళు కడుక్కుని కొంగుతో తుడుచుకుంటోంది.

నేను మెల్లగా బయటికొచ్చి మా గుడారం చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాను. ఒక పక్క చేతులు జోడించి నవ్వుతున్న పెద్దమనిషి బొమ్మ. రెండో పక్క మూరెడేసి అక్షరాల్లో, 'ఉచిత కంటి వైద్య శిబిరం. అద్దాలు ఉచితం'. తేదీ, ఊరు రాసిన కింది వరుసంతా మా రాళ్ళ కింద ఉంది. గీత పనివాడు పొద్దున్నే తాటిచెట్టు మీది నుంచి దాన్ని చదివి, దిగకముందే ఊరందరికీ కేకేసి చెప్పాడట. బావ మెడలోని దుర్భిణి మిగిలిన అనుమానం కూడా తీర్చేసింది.

అప్పుడే నిజం చెప్పేయవలసింది. చెబుదామనే నోరు తెరిచాను. కానీ కడుపులో నాలుగు రొట్టెలున్నాయి, చేతిలో సగముంది. దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను. బావ నా చెవిలో, "ఊకె సూసినట్టు జేద్దం బావా, రాసుకుని పోయినమంటే అయిపాయె" అన్నాడు. నా జబ్బు నాకుండనే ఉంది కదా, తలూపాను. బావ నోటుబుక్కులో పేర్లు రాయడం మొదలుపెట్టాడు. నేను సెల్‌ఫోన్ టార్చి వేసి ఒక్కొక్కరి కళ్ళలోకి చూస్తూ "ఊఁ" అన్నాను. అద్దాల గురించి నాకు తెలిసిన విద్య ఒక్కటే, బుడగ వస్తే కార్డుతో నొక్కడం. ఇద్దరు తాతలు, "మంచిగ సూసిండు, చెయ్యి సల్లగున్నది" అని మెచ్చుకుని పక్కకు జరిగారు. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ మాటకు నాకు కొంచెం సంతోషం కూడా కలిగింది.

మూడో మనిషిగా ఒక అవ్వ వచ్చి కూర్చుంది. కబురు తెలిసీ తెలియగానే పక్క ఊరి నుంచి నడిచి వచ్చిందట. వచ్చీ రాగానే నాకు రెండు చేతులా దండం పెట్టింది. తర్వాత నా మణికట్టు పట్టుకుంది. "కొడుకా, నేను బీడీలు చేస్త. ముప్పై ఏండ్లాయె. గిప్పుడు దారం కనవడ్తలేదు. ముడి ఊసిపోతున్నది. కార్ఖానాల మనిషి సగం తీసి పక్కన పారేస్తున్నడు. వచ్చే నెల గిట్లనే ఉంటె నాకు ఆకు ఇయ్యనన్నడు. నాకు ఆకు లేకపోతె ఏమున్నది కొడుకా? ఇంట్ల కూసోవెట్టి అన్నం పెట్టెటోళ్ళు లేరు" అంది. ఆమె వేళ్ళ చివర్లు తునికాకు రంగుకు తిరిగి, గరుకుగా నా చేతికి తగులుతున్నాయి. నేను టార్చి వేశాను. ఆమె ఆ వెలుగులోకి రెప్ప వేయకుండా, బడిపిల్లలా బుద్ధిగా చూసింది.

నా మీద నాకే అసహ్యం వేసింది. టార్చి ఆర్పేశాను.

"అవ్వా, నేను డాక్టర్ను గాను. సెల్లుల దుకాణంల పనిచేస్త. గీ ఫ్లెక్సీ మాది గాదు, మంచు పడకుంట కప్పుకున్నం" అన్నాను. బావ పెన్ను కింద పడింది. గీత పనివాడు, "రొట్టెలు తినేటప్పుడు యాదికి రాలేదార గీ ముచ్చట?" అని లొట్టి కింద పెట్టాడు. (సార్ పోయి 'రా' వచ్చింది. న్యాయమే.) ఒక తాత, తన కళ్ళలోకి వేసిన టార్చి వెలుగు వెనక్కి ఇమ్మన్నట్టు నన్ను చూశాడు. రొట్టెలు తెచ్చినావిడ మిగిలిన రొట్టెలూ గిన్నే తీసుకుంది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. అవ్వ మాత్రం నా చెయ్యి వదల్లేదు.

"డాక్టర్వు గాకుంటె గాకపాయె. సిరిసిల్లకు తొవ్వ ఎరుకేనా?" అంది.

"ఎరుకే అవ్వా."

"అయితె నడువు మరి."

ఊరి తీర్పు కూడా అదే అయింది. "ఫ్లెక్సీ మీద రాసింది జేసి పోండ్రి" అన్నాడు గీత పనివాడు. మిగతావాళ్ళు అసలు డాక్టర్లు వచ్చినప్పుడు చూపించుకుంటామన్నారు. ఆకు పోయే గడువున్నది అవ్వకే. ఫ్లెక్సీని వాళ్ళే విప్పి మడిచి ఉంచేసుకున్నారు. (ఎవరి కొట్టం మీదికో వెళ్ళి ఉంటుంది.) మేము అవ్వను మధ్యలో కూర్చోబెట్టుకుని ఆటోలో సిరిసిల్ల వెళ్ళాం. దారంతా ఆమె మమ్మల్ని వరుసలు అడిగింది. చివరికి, బావ పెదనాయన కోడలు తన చెల్లెలి ఆడబిడ్డకు చుట్టమని తేల్చింది. ఏ చుట్టం ఇంట్లోనూ అడుగు పెట్టకూడదని బయలుదేరినవాళ్ళం, చుట్టాన్నే వెంటబెట్టుకుని తిరిగాం.

సిరిసిల్లలో అసలైన కంటి డాక్టరు చూశాడు. కంటి పొర ఇంకా ముదరలేదు, ఇప్పటికి దగ్గర చూపుకు అద్దాలు చాలు అన్నాడు. అద్దాల దుకాణంలో మా మూడు రోజుల యాత్ర మొత్తం గల్లాపెట్టెలోకి పోయింది. బావే చిల్లరతో సహా లెక్కబెట్టి ఇచ్చాడు. అవ్వ అద్దాలు పెట్టుకుంది. కొంగుముడి విప్పి ఒక ఆకు ముక్క, దారం పోగు తీసింది. అక్కడే కౌంటరు మీద ఆకు చుట్టి, దారం రెండు చుట్లు తిప్పి, ముడి వేసి లాగింది. ముడి నిలిచింది. మళ్ళీ లాగింది. నిలిచింది. నాకు ఏడుపొచ్చింది, బావ చూడకుండా గోడమీది కళ్ళజోళ్ళ వైపు తిరిగాను.

"ఇటు మర్రు" అంది అవ్వ. తిరిగాను. అద్దాల్లోంచి నన్ను కింది నుంచి మీది దాకా, ఆ ముడిని పరీక్షించినంత శ్రద్ధగా చూసింది. "ఓరి నీ! గడ్డం గూడ సక్కగ మొలువలే. గీనికా నేను పొద్దుగాల దండం పెట్టింది?" అంది. దుకాణమంతా నవ్వింది. తర్వాత ఆమె తన ఊరి ఆటో ఎక్కింది. మేము బస్సు టిక్కెట్టుకు చాలక వేములవాడ దాకా లారీలో వెళ్ళాం. దుకాణంలో ఫొటోలేవని అడిగితే, ఫోను నీళ్ళలో పడిందని చెప్పాను. నా జబ్బు పూర్తిగా నయం కాలేదన్నమాట.

ఆ తర్వాత నేను నిజం మంచుకొండలు కూడా చూశాను. పెళ్ళయ్యాక భార్యతో కలిసి, ప్యాకేజీలో, వేడినీళ్ళ గదిలో దిగి. అద్దంలాంటి సరస్సు ఒడ్డున నిలబడి ఫొటోలు దిగాం. అంతా బాగుంది. కానీ నా బర్రె తప్పిపోయిందేమోనని ఎవరూ అడగలేదు, రొట్టెలు ఎవరూ తేలేదు. ఇప్పుడు జగిత్యాలలో నాకు సొంత రిపేరు దుకాణం ఉంది. ఈ మధ్య ఫోన్లలోని చిన్న స్క్రూలు రెండేసి కనబడటం మొదలైంది. ఒకటికి రెండుసార్లు స్క్రూ జారి పోగొట్టుకున్నాక, మా ఆవిడ పోరు పడలేక కళ్ళు చూపించుకున్నాను. కళ్ళజోళ్ళ దుకాణం కుర్చీలో కూర్చుంటే అక్కడి డాక్టరు నా కళ్ళలోకి వెలుగు వేశాడు. నేనూ రెప్ప వేయకుండా, బుద్ధిగా చూశాను. చూసి ఆయన "ఊఁ" అన్నాడు. "మీరు డాక్టరేనా?" అని అడిగేశాను. ఆయన గోడమీది సర్టిఫికెట్టు చూపించాడు. కొత్త అద్దాలు పెట్టి, చూసుకోండి అని చేతికి అద్దం ఇచ్చాడు. గడ్డం ఇప్పుడు చక్కగానే మొలిచింది, అందులో సగం నెరిసింది కూడా. ఆ మొహాన్ని చాలాసేపు చూశాను. గీనికా అవ్వ దండం పెట్టింది, అనిపించి, కుర్చీలో ఒక్కణ్ణే నవ్వుకున్నాను.